చక్రాల మీది ఇల్లు ఆగేది ఎక్కడ?

సంక్రాంతి వెళ్ళిన తర్వాత ఒక ఉదయం భద్రాచలంలో బస్సెక్కి చర్ల వైపు ప్రయాణం చేసి చూడండి. ఎడమ చేతి వైపు గోదావరి కనబడుతూ, దాగుతూ వస్తుంది. కుడి చేతి వైపు ఛత్తీస్‌గఢ్ దాకా సాగిపోయే అడవి. మధ్యలో చేలు. ఆ చేలలో మిరప పండి ఎర్రబడి ఉంటుంది. ఖమ్మం మార్కెట్‌కు పేరు తెచ్చిన తేజ రకం మిరప ఈ చేలలోనూ పండుతుంది.

ఆ దారిలో ఎక్కడో ఒకచోట మీ బస్సు ముందు ఒక ట్రాక్టరు నెమ్మదిగా పోతూ కనబడుతుంది. వెనుక ట్రాలీ నిండా మనుషులు. మూటల మీద కూర్చున్న ఆడవాళ్ళు, వాళ్ళ ఒళ్ళో పసిబిడ్డలు, అంచు పట్టుకొని నిలబడ్డ పడుచువాళ్ళు. ఒక మూలన గిన్నెల సంచి, ఇంకో మూలన కాళ్ళు కట్టిన కోడి. మీ డ్రైవరు హారన్ కొట్టి పక్కనుండి దాటిపోతాడు. మీరు కిటికీలో నుండి ఒక్క క్షణం చూస్తారు. "మిరపకోతకు వచ్చే కూలీలు" అని పక్కనున్నవారు చెబుతారు. అంతటితో ఆ సంగతి అయిపోతుంది.

కాని పాఠకులారా, మనం దాటి వచ్చినది ఒక ట్రాక్టరును కాదు, కొన్ని ఇళ్ళను. ఆ ట్రాలీలో నాలుగైదు కుటుంబాల కాపురాలు ఉన్నాయి. రానున్న రెండు మూడు నెలలు వాళ్ళకు ఇల్లంటే అందులో ఉన్నదే.

ట్రాలీలో ఏముంటుంది?

మామూలు ట్రాలీ పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు ఉంటుంది. అంటే అరవై చదరపు అడుగులు. మన ఇళ్ళల్లో వంటగది కూడా దీనికంటే పెద్దది. అందులో పట్టే సామానే వెంట వస్తుంది. రెండు మూడు సిల్వరు గిన్నెలు, ఒక గంటె, నీళ్ళ బిందె, బియ్యం సంచి, ఉప్పు, ఎండుచేపలు, గొడ్డలి, బొంతలు, టార్పాలిన్ బరకం, తాళ్ళు. కొందరి భుజాన జావ పోసుకొనే సొరకాయ బుర్ర ఉంటుంది. అద్దాల బీరువా లేదు, మంచం లేదు, తాళం వేయవలసిన తలుపూ లేదు.

వీరిలో ఎక్కువమంది సరిహద్దుకు ఆవలి సుక్మా, బీజాపూర్ జిల్లాల ఆదివాసులు. తమ ఊళ్ళో వానాకాలపు వరి కోత ముగిసిన తర్వాత పని ఉండదు. ఇక్కడ సరిగ్గా అప్పుడే మిరప కోతకు వస్తుంది. మిరపకాయ వరిలాగా ఒక్కసారిగా కోసేది కాదు. ఒక విడత పండినవి ఏరితే, మరికొన్ని రోజులకు ఇంకో విడత పండుతాయి. చేత్తో ఒక్కొక్క కాయా తెంపాలి. యంత్రం ఇంకా ఆ పని చేయలేదు. అందుకే ముఠా మేస్త్రీ కబురుపెడతాడు, రైతు ట్రాక్టరు పంపుతాడు. ఒక చేను అయిపోగానే బరకాలు విప్పి, గిన్నెలు సర్ది, మళ్ళీ ట్రాలీ ఎక్కి వేరే చేనుకు పోతారు. ఏప్రిల్ వరకు ఇదే వరుస.

దిగిన చోట గట్టు పక్కనో, కళ్ళం దగ్గరో నాలుగు కర్రలు పాతి బరకం కప్పుతారు. మూడు రాళ్ళు పెడితే పొయ్యి. మోటారు దగ్గర నీళ్ళు. అరగంటలో ఇల్లు సిద్ధం. మనం ఇల్లు మారాలంటే నెల రోజుల ముందునుండి బెంగపడతాము కదా! వాళ్ళ నేర్పు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

అయితే నేర్పును మెచ్చుకొని ఊరుకుంటే సరిపోదు. రోజంతా మిరప తెంపిన చేతులు రాత్రి మండుతాయి. ఆ చేతులతోనే తల్లి బిడ్డకు అన్నం కలిపి పెట్టాలి, ఆ చేతులతోనే బిడ్డ కన్నీళ్ళు తుడవాలి. బరకం కింద పగలు ఉడుకు, తెల్లవారుజామున చలి. దోమలు సరేసరి, ఈ అడవి అంచున మలేరియా జ్వరం కొత్తది కాదు.

అక్కడ కోరి తెచ్చుకున్నది

సముద్రానికి ఆవల ఇదే విషయం వేరే రూపంలో ఉంది. అమెరికాలో కొత్తగా కట్టే ఇళ్ళ సగటు విస్తీర్ణం రెండు వేల చదరపు అడుగులు దాటిపోయిన కాలంలో, జే షేఫర్ అనే ఆయన 1999లో చక్రాల మీద 96 చదరపు అడుగుల ఇల్లు కట్టుకొని అందులో కాపురం పెట్టాడు. డీ విలియమ్స్ అనే ఆమె గుండెజబ్బు బయటపడిన తర్వాత, తనకు మిగిలిన దినాలను ఇంటి అప్పు తీర్చడానికే ఖర్చు చేయకూడదనుకొని, 84 చదరపు అడుగుల ఇంటిని తానే కట్టుకొంది. తన అనుభవాన్ని 2014లో పుస్తకంగా వెలువరించింది. ఇలాంటివారిని చూసి వేలమంది ఆ దారి పట్టారు.

ఆ ఇళ్ళకు చక్రాలు ఎందుకు? ఊళ్ళు తిరగాలనే సరదా ఒక్కటే కాదు. అక్కడ చాలా పట్టణాల్లో ఇల్లు ఇంతకంటే చిన్నదిగా కట్టకూడదనే నిబంధనలు ఉండేవి. చక్రాలు ఉంటే అది ఇల్లు కాదు, బండి. ఆ నిబంధన వర్తించదు. కాని వెంటనే ఇంకో చిక్కు వచ్చింది. బండిని ఎక్కడ నిలపాలి? నిలిపి అందులో నివసించడానికి ఎవరు ఒప్పుకుంటారు? 2018 నాటి ఆదర్శ గృహనిర్మాణ నియమావళిలో నాలుగు వందల చదరపు అడుగుల లోపు ఇళ్ళకు ప్రత్యేకంగా ఒక అనుబంధం చేర్చారు; అదీ పునాది మీద కట్టిన ఇళ్ళకే. చక్రాల ఇంటి చిక్కు మాత్రం చాలా చోట్ల అలాగే ఉండిపోయింది.

కోరుకోకుండా చక్రాలెక్కినవారూ అక్కడ ఉన్నారు. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ఇళ్ళు పోగొట్టుకున్న పెద్ద వయసువారు ఎందరో వ్యాన్లలో నివసిస్తూ, ఒక కాలంలో చక్కెర దుంపల కోతకు, ఇంకో కాలంలో గోదాముల పనికి తిరుగుతూ బ్రతికారు. వారి సంగతిని జెస్సికా బ్రూడర్ 2017లో పుస్తకంగా వ్రాసింది. దాని ఆధారంగా తీసిన 'నోమాడ్‌ల్యాండ్' చిత్రానికి 2021లో ఆస్కార్ బహుమానం వచ్చింది. దుంపల కోత పేరు మార్చి మిరపకోత అంటే, వ్యాను పేరు మార్చి ట్రాలీ అంటే, ఆ కథ మన చర్ల రోడ్డు కథే.

ఇంకా పాత సంగతి ఒకటి. 'జిప్సీ స్మిత్' అనే సువార్తికుని పేరు పెద్దలకు గుర్తుండవచ్చు. ఆయన 1860లో ఇంగ్లండులో ఎపింగ్ అడవిలో ఒక డేరాలో పుట్టాడు. గుర్రపు బండే వాళ్ళ ఇల్లు. బడి ముఖం చూడలేదు. ఆయన పసితనంలో ఇంట్లో మశూచి సోకినప్పుడు ఆ కుటుంబాన్ని ఊరి బయటి దారికి పంపివేశారు. ఆ దారి పక్కనే తల్లి కన్నుమూసింది. తర్వాతి కాలంలో అదే దేశంలోని పెద్ద పెద్ద మందిరాలు ఆయన మాట వినడానికి నిండిపోయాయి. తల్లికి ఆగేందుకు చోటివ్వని ఊళ్ళు కొడుకుకు వేదిక ఇచ్చాయి. ఆలోచించవలసిన విషయమే.

పర్ణశాల మనకు దూరం కాదు

భద్రాచలానికి ముప్ఫై కిలోమీటర్లకు పైచిలుకు దూరంలో, దుమ్ముగూడెం మండలంలో పర్ణశాల అనే ఊరు ఉంది. వనవాసంలో సీతారామలక్ష్మణులు ఆకుల పాక వేసుకొని నివసించిన స్థలమని స్థానికుల విశ్వాసం. తెలుగు బైబిలును అనువదించినవారు ఇశ్రాయేలీయుల ఒక పండుగకు పేరు పెట్టవలసి వచ్చినప్పుడు ఆ మాటనే తీసుకున్నారు. పర్ణశాలల పండుగ! ఏడు దినాలు ఇల్లు విడిచి, కొమ్మలతో వేసిన పందిట్లో నివసించాలి. ఎందుకు? తమ పితరులు ఒకప్పుడు నిలకడైన ఇల్లు లేక ప్రయాణంలో బ్రతికారని పిల్లలకు తెలియడానికి. కోతలు ముగిసి, కొట్లు నిండిన కాలంలో ఈ పండుగ వస్తుంది. నిండిన కొట్టు పాత పాకను మరిపింపజేస్తుందనేమో!

మన ప్రాంతంలో ఎవరి పితరులు తిరగలేదు? ఖమ్మం చుట్టుపక్కల తండాల్లోని లంబాడీల పూర్వులు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకొని దక్కను అంతా తిరిగారు. సైన్యాలకు తిండి చేరవేసినవారు వారే. రోడ్లు, రైళ్ళు వచ్చిన తర్వాత ఆ బ్రతుకుతెరువు పోయింది. ఎద్దులు ఆగిన చోట తండాలు వెలిశాయి. దుమ్ముగూడెంలో గోదావరికి అడ్డంగా ఆనకట్ట, పడవల కాలువ కట్టిన రోజుల్లో ఎక్కడెక్కడి కూలీలో వచ్చి ఒడ్డున గుడిసెలు వేసుకున్నారు. రాతి బండలున్న ఎగువ గోదావరిలో పడవలు నడపాలనే ఆ పెద్ద ప్రయత్నాన్ని 1871లో మధ్యలోనే మానివేశారు. ఆ పనిలో ఉన్న హెయిగ్ అనే ఇంజనీరు చొరవతోనే 1860ల ప్రారంభంలో దుమ్ముగూడెంలో కోయల మధ్య మిషను పని మొదలయింది. ఆనకట్ట పనికి వచ్చినవారు వెళ్ళిపోయారు, మిషను నిలిచింది.

కనుక తిరిగేవారు వేరు, స్థిరపడినవారు వేరు అనుకోవడానికి ఈ నేల మీద ఆధారం తక్కువ. రెండు తరాలో, నాలుగు తరాలో వెనక్కు వెళితే మనమూ ఏదో బండి దిగినవాళ్ళమే.

చక్రాలు ఆగిపోయిన నెల

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలయింది. అది మిరపకోత చివరి రోజులు. ట్రాక్టర్లు ఆగాయి, బస్సులు ఆగాయి. చేలల్లో బరకాల కింద ఉన్నవారికి పని అయిపోయింది, దారి మూసుకుపోయింది. చక్రాల మీది ఇంటికి చక్రాలు పోతే మిగిలేది బరకం ఒక్కటే.

ఒకప్పుడు భద్రాచలం డివిజనులోదైన పేరూరు గ్రామం నుండి (ఇప్పుడది ములుగు జిల్లాలో ఉంది) ఏప్రిల్ 15న పదిమందికి పైగా కూలీలు కాలినడకన బయలుదేరారు. రోడ్డు మీద ఆపుతారని అడవి దారి పట్టారు. వారిలో పన్నెండేళ్ళ అమ్మాయి ఒకతె. రెండు నెలల క్రితమే మొదటిసారి మిరప ఏరడానికి వచ్చింది. ఇల్లు బీజాపూర్ జిల్లాలో, సుమారు 150 కిలోమీటర్ల దూరం. మూడు రోజులు నడిచింది. ఏప్రిల్ 18న, ఇంకా కొద్ది కిలోమీటర్లు నడిస్తే ఇల్లు చేరుతుందనగా దారిలోనే ప్రాణం విడిచింది. కరోనా పరీక్ష చేస్తే ఆ జబ్బు లేదని తేలింది. ఎండలో నడిచి నడిచి ఒంట్లో నీరు, లవణాలు తగ్గిపోయి ఉంటాయని వైద్యాధికారులు చెప్పారు.

ఆ బిడ్డను ఎవరో ఒక్కరు చంపలేదు. దారిలో ఏ ఇంటి ముందైనా, ఏ పాఠశాల వరండాలోనైనా, ఏ మందిరపు ఆవరణలోనైనా "ఆగండమ్మా, దారులు తెరిచేవరకు ఇక్కడే ఉండండి" అనే మాట వినబడి ఉంటే ఆమె బ్రతికి ఉండేదేమో. చిన్న ఇంట్లో బ్రతకవచ్చు, గట్టు మీద బ్రతకవచ్చు. ఆగేందుకు చోటు లేకుండా మాత్రం బ్రతకలేము.

నీళ్ళు మన గుమ్మంలోకి వచ్చినప్పుడు

రెండేళ్ళు దాటాక ట్రాలీ ఎక్కే వంతు మనకు వచ్చింది. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. మూడవ హెచ్చరిక మీద ఇంకా పద్ధెనిమిది అడుగుల నీరు! 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత అంతటిది ఇదే.

పెంకుటిళ్ళవారు, డాబాలవారు అన్న తేడా లేకుండా సామాను ట్రాక్టరు ట్రాలీల్లో వేసుకొని గట్టు ప్రాంతాలకు తరలిపోయారు. ఎన్నాళ్ళో కొనుక్కున్న టీవీ తీసుకోవాలా, బియ్యం బస్తా తీసుకోవాలా అని నిమిషాల్లో తేల్చుకోవలసి వచ్చింది. అమ్మమ్మను ఎక్కించాక బీరువాకు చోటు లేదు. పొలం కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, మందులు, గిన్నెలు, దుప్పట్లు, తిండిగింజలు, ఒక బరకం. చివరకు ట్రాలీలో మిగిలినది చూస్తే, జనవరిలో బస్సు కిటికీలో నుండి చూసిన ఆ ట్రాలీలో ఉన్నదీ, ఇదీ ఇంచుమించు ఒక్కటే.

మనం చేయగలిగినవి

సలహాలు చెప్పడం తేలిక, చేయడం కష్టం అని మాకు తెలుసు. మిరప రైతు కూడా కౌలు, అప్పు, పురుగుమందు, పడిపోయే ధర అనే నాలుగు చక్రాల కింద నలిగేవాడే. అయినా పెద్ద ఖర్చు లేకుండా చేయదగినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది నీళ్ళు. మిరపచేనుకు మందు ఎక్కువ కొడతారు. ఖాళీ మందు డబ్బాలను ఎంత కడిగినా త్రాగునీటికి వాడరాదు. తెలియక కూలీలు వాటిని ఏరుకొంటారు. ఆ డబ్బాలకు చిల్లులు పొడిచి, చేను దగ్గర ఉంచకుండా చూడండి. ముఠా దిగిన రోజే మూత ఉన్న రెండు బిందెలు ఇవ్వండి. మందు కలిపే తొట్టిలో నీళ్ళు త్రాగకుండా చెప్పండి.

రెండవది చోటు. మందు కొట్టిన చేను మధ్యలో కాక, నీడ ఉన్న గట్టు మీద, రోడ్డుకు కొంచెం ఎడంగా దిగనివ్వండి. గడ్డివాముకు దూరంగా పొయ్యి పెట్టించండి. బరకానికి నిప్పు అంటుకుంటే క్షణాల్లో అంతా అయిపోతుంది. ఇంట్లో వాడని దోమతెర ఉంటే పసిబిడ్డ ఉన్న తల్లికి ఇవ్వండి.

మూడవది ప్రయాణం. ట్రాలీ సరుకు మోయడానికి చేసినది, మనుషులకు కాదు. కాలువ గట్ల మీద, మలుపుల్లో బోల్తా పడితే పిల్లలే ముందు నలుగుతారు. ఇరవైమందిని ఒక్కసారి కుక్కి తేవడం కంటే ఆటోలోనో, బస్సులోనో రప్పించడానికి అయ్యే ఖర్చు ఏమంత ఎక్కువ కాదు. ట్రాలీలో సామాను రానివ్వండి.

నాలుగవది పిల్లలు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుండి పద్నాలుగేళ్ళ బిడ్డను సంవత్సరం మధ్యలో వచ్చినా, కాగితాలు లేకపోయినా బడిలో చేర్చుకోవాలి. అంగన్‌వాడీలో వలసవచ్చిన తల్లీబిడ్డలకూ తిండి ఇవ్వవచ్చు. ఒకే దేశం – ఒకే రేషన్ పద్ధతి 2022 నాటికి అన్ని రాష్ట్రాల్లో అమలులోకి వచ్చింది కనుక ఛత్తీస్‌గఢ్ కార్డుతో ఇక్కడి చౌకదుకాణంలోనూ బియ్యం తీసుకోవచ్చు. ఈ సంగతులు వాళ్ళకు తెలియవు. తెలిసిన మనం ఒక ఉదయం వెంట వెళ్ళి చెప్పించాలి. భాష రాదంటారా? మన వైపు కోయ కుటుంబాలకు, అటునుండి వచ్చే దోర్లల మాట దగ్గరి చుట్టం. ఒక కోయ చెల్లెమ్మను వెంటబెట్టుకొని వెళ్ళండి.

అయిదవది మన ఇల్లు. ఈ నెలలో ఒక సాయంకాలం భోజనాలయ్యాక పిల్లలను కూర్చోబెట్టి, నేల మీద సుద్దముక్కతో పది అడుగులు, ఆరు అడుగులు గీత గీయండి. "ఇదే మన ఇల్లు అనుకుందాం. ఇందులో ఏమేమి పెట్టుకుందాం?" అని అడగండి. ఏది కావాలో, ఏది అక్కర లేదో పిల్లలే చెబుతారు. ఆ గీతలోపల అమ్మమ్మకు, తాతయ్యకు ముందుగా చోటు ఇచ్చారో లేదో చూడండి. గీత బయట మిగిలిన వాటిలో ఎవరికైనా పనికొచ్చేవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

ఆగేందుకు చోటు

అబ్రాహాము జీవితమంతా గుడారాల్లోనే గడిపాడు. అయినా మమ్రే సింధూరవనంలో గుడారపు ద్వారాన కూర్చున్నవాడు, దారిన పోయే ముగ్గురిని చూసి ఎదురు పరుగెత్తి ఆపాడని మనం చిన్నప్పటినుండి విన్నాము. ఆ రోజు నీళ్ళు తెప్పించి, చెట్టు నీడ చూపించి, అన్నం పెట్టినవాడికి స్వంత ఇల్లు లేదు.

చిన్న ఇంట్లో ఉండడం తనంతట తాను గొప్పతనమూ కాదు, హీనమూ కాదు. అమెరికా వ్యక్తి తన ఎనభై, తొంభై అడుగుల ఇంటిని కోరి ఎంచుకున్నాడు, విసుగొస్తే మార్చుకుంటాడు. సుక్మా తల్లికి ఆ వీలు లేదు. ఆ రెండింటి నడుమ ఉన్న తేడాను మనం ఒక్కరోజులో చెరిపివేయలేము. కాని ఆమె ట్రాలీ మన గట్టు దగ్గర ఆగినప్పుడు, ఆ చోటు ఎలాంటిదో మన చేతిలో ఉంది.

వచ్చే జనవరిలో మిరప మళ్ళీ ఎర్రబడుతుంది. చర్ల రోడ్డు మీద మళ్ళీ ఒక ట్రాక్టరు నెమ్మదిగా వస్తుంది. ఈసారి బస్సు దాటిపోయేటప్పుడు పైన కూర్చున్న ఆ బిడ్డకు చెయ్యి ఊపండి. వీలైతే మరునాడు ఒక బిందె, ఒక దోమతెర తీసుకొని ఆ గట్టు దాకా వెళ్ళి రండి.